6జీ టెస్టులో రూట్ కింద గుంట పడుతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: కంచరపాలెం ఐటీఐలో వెల్డర్ ట్రేడు పూర్తిచేశాను. ఒక కాంట్రాక్టరు దగ్గర రెండుసార్లు 6జీ టెస్టు (45 డిగ్రీల వాలుగా కదలకుండా బిగించిన పైపు చుట్టూ వెల్డ్ చేసే పరీక్ష) ఇచ్చాను. టిగ్ (గ్యాస్ రక్షణలో టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగ్) రూట్‌లో, అంటే జాయింటులో మొదట వేసే పొరలో, పైపు అడుగున, లోపలివైపు గుంట ఉందని తీసేశారు. మళ్లీ టెస్టుకెళ్లాలా, అప్రెంటిస్ చేరాలా?

జవాబు: తమ్ముడూ, అడుగున కరిగిన లోహం తన బరువుకి బయటికి జారుతుంది, అందుకే లోపల గుంట. వేడి ఎక్కువైనా, ఆర్క్ పొడుగైనా, వైరు (కరిగించి నింపే తీగ) తక్కువ పడినా అంతే. 2.4 మి.మీ. వైరు వాడుతుంటే రెండు పైపుల మధ్య గ్యాప్ 3 మి.మీ., రూట్ ఫేస్ (అంచులో వాలు చెయ్యకుండా వదిలే మందం) 1 నుంచి 1.5 మి.మీ. పెట్టు. అడుగున వైరు కొనని గ్యాప్‌లోంచి లోపలి అంచుదాకా నెట్టి అక్కడే కరిగించు. బయట చుక్కలు వేసినట్టు వేస్తే లోపలికి పోదు. ట్యాక్‌ల (పైపుల్ని ముందుగా పట్టి ఉంచే చిన్న వెల్డ్‌ల) రెండు చివర్లూ గ్రైండర్‌తో వాలుగా పలచగా చెయ్యి, లేదంటే దాటేచోట లోహం కరిగి కలవదు.

ప్రశ్న: ఆంపియర్ ఎంత పెట్టమంటారన్నా? రెండోవైపు వచ్చేసరికి గ్యాప్ మూసుకుపోతోంది కూడా.

జవాబు: 90 దగ్గర మొదలెట్టు. అంకె కంటే కీహోల్ (కరిగే లోహం ముందు గ్యాప్‌లో ఏర్పడే చిన్న రంధ్రం) చూడు: అది పెద్దదవుతుంటే వేడి ఎక్కువ, కనబడకపోతే తక్కువ. గ్యాప్ వెడల్పున్న వైపు ముందు వెల్డ్ చెయ్యి, అది ముడుచుకుంటుంది.

ఇంకొకరు: రూట్ బాగున్నా, దాని పైపొరలు వేసే 7018 రాడ్డు (పూత ఉన్న ఆర్క్ వెల్డింగ్ రాడ్డు) దగ్గర టెస్టు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. మన విశాఖ సముద్రపు గాలికి విప్పిన ప్యాకెట్టు తేమ పీల్చేస్తుంది, వెల్డ్‌లో బొరియలు, పగుళ్లు వస్తాయి. ఓవెన్‌లో 300 డిగ్రీల పైన గంటో రెండు గంటలో కాల్చి, పోర్టబుల్ ఓవెన్‌లో వేడిగా ఉంచి ఒక్కొక్కటే తీసుకోవాలి. బయట పెట్టిన రాడ్డు 4 గంటలు దాటితే టెస్టుకి వాడొద్దు.

మరొకరు: అప్రెంటిస్ వదలకు బాబూ. ఏడాది చేసి పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది, ప్రభుత్వరంగ నోటిఫికేషన్లలో అది పనికొస్తుంది. నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిసెస్ స్కూల్లో వెల్డర్ ట్రేడు ఉంది. వాళ్ల నోటిఫికేషన్లలో పదిలో 50, ఐటీఐలో 65 శాతం అడుగుతూ వచ్చారు, రాతపరీక్ష కూడా ఉంటుంది. మార్కులు చూసుకుని దరఖాస్తు పెట్టు, అప్రెంటిస్ పోర్టల్లో పేరు ఈలోపే నమోదు చేసుకో. ఆధార్‌లో, పది మెమోలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. చాలా దరఖాస్తులు ఆగేది అక్కడే.

మొదటి జవాబిచ్చినవారు: అవును, రెండూ చెయ్యొచ్చు. 6జీ పాసయ్యాక మాత్రం ఆ ప్రాసెస్‌లో 6 నెలలు వెల్డింగ్ చెయ్యకపోతే ఆ అర్హత చెల్లదు. అప్రెంటిస్ చేసేచోట టిగ్ బెంచి దొరుకుతుందేమో చేరకముందే అడుగు.