బంగారు నానోకణాలపై లుటీషియం-177: సీరంలో ఊడుతున్నది థయోలా, లోహమా?

20 నానోమీటర్ల సిట్రేట్ పూత ఉన్న బంగారు కణాలకు డోటా-పెగ్-థయోల్ అనే లిగాండ్ (డోటా లోహాన్ని పట్టుకునే భాగం, పెగ్ మధ్య గొలుసు, థయోల్ బంగారానికి అంటుకునే సల్ఫర్ కొస) ద్వారా రేడియోధార్మిక లోహం లుటీషియం-177 తగిలిస్తున్నాం. కణాలతో కలిపి 90 డిగ్రీలకు వేడి చేస్తే ఎర్రటి ద్రావణం ఊదారంగుకు తిరిగి కణాలు ముద్దకడుతున్నాయి. అందుకని ముందు లిగాండ్‌నే 0.1 మోలార్ అమ్మోనియం ఎసిటేట్‌లో, పీహెచ్ 5.5 దగ్గర, 30 నిమిషాలు లేబుల్ చేసి, చల్లారాక కణాలకు కలుపుతున్నాం. తర్వాత మామూలు పెగ్-థయోల్‌తో ఖాళీలు పూడ్చి, సెంట్రిఫ్యూజ్‌లో కడుగుతున్నాం. ఇంతవరకు బాగుంది. సిట్రేట్‌తో నడిపిన టీఎల్‌సీలో (పలుచని పొర క్రోమటోగ్రఫీలో) యాక్టివిటీ, అంటే రేడియోధార్మికత, అంతా చుక్క పెట్టిన చోటే ఆగుతోంది, అంటే కణాలతోనే ఉన్నట్టు. లుటీషియం హైడ్రాక్సైడ్ కొల్లాయిడ్ కూడా అక్కడే ఆగుతుంది కనుక, కణాలు లేని బ్లాంక్ పక్కనే నడిపి చూశాం. అందులో ఏమీ ఆగలేదు.

చిక్కల్లా సీరంలోనే. 37 డిగ్రీల్లో 24 గంటలు ఉంచితే దాదాపు ఐదో వంతు యాక్టివిటీ (క్షయం సరిచేశాకే) పైన తేరిన ద్రవంలోకి వస్తోంది. ఫాస్ఫేట్ బఫర్‌లో రావడం లేదు. ఆ ద్రవంలో బంగారు కణాలు చూపే 520 నానోమీటర్ల కాంతి శోషణ శిఖరం లేదు కాబట్టి అవి అడుగుకు దిగని కణాలు కావు.

సీరంలోని సిస్టీన్, ఇతర థయోళ్లు మన లిగాండ్‌ను బంగారం మీంచి నెట్టేస్తున్నాయని మా అనుమానం. డోటా లుటీషియాన్ని అంత సులువుగా వదలదు. కానీ నిరూపించడం ఎలా? 30 కిలోడాల్టన్లకు మించిన అణువులను ఆపే ఫిల్టర్‌ను నమ్మలేం: విడిపోయిన లుటీషియం ట్రాన్స్‌ఫెరిన్ అనే సీరం ప్రోటీన్‌కు అంటుకుని పైనే ఉండిపోతుంది, ఊడిన థయోల్ కూడా ఆల్బుమిన్ ప్రోటీన్‌తో డైసల్ఫైడ్ (సల్ఫర్-సల్ఫర్) బంధం కడితే అంతే. డీటీపీఏ (విడి లోహాన్ని పట్టేసే పదార్థం) కలిపాక సైజ్ ఎక్స్‌క్లూజన్ రేడియో హెచ్‌పీఎల్‌సీ (అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసి రేడియోధార్మికత కొలిచే పద్ధతి) చేస్తే విడి లోహం, ఊడిన థయోల్ రెండూ విడివిడిగా తేలతాయా? థయోల్ బదులు, బంగారాన్ని రెండు సల్ఫర్లతో పట్టుకునే లైపోయిక్ ఆమ్లం వాడినవాళ్లకు సీరంలో నిలకడ నిజంగా పెరిగిందా? ఎలుకల్లో పెట్టేముందు ఇది తేల్చుకోవాలి. ఊడిన లుటీషియం ఎముకకు చేరి మజ్జకు డోసు పెంచుతుంది.