పిల్లలకు కథల పుస్తకం కొనేటప్పుడు మీరు ఏమేం చూస్తారు? విశాఖ తల్లిదండ్రుల చర్చ

కూర్మన్నపాలెం నాన్న:
మా అమ్మాయి రెండో తరగతి చదువుతోంది. ఇంగ్లీషు మీడియం కావడంతో తెలుగు గుణింతాలు వచ్చినా ఒత్తులున్న మాట ఎదురైతే ఆగిపోతోంది. తెలుగు కథలు చదివించాలని, వాటి వల్ల నిజాయతీ, దయ వంటి గుణాలు అలవడటంతో పాటు ఊహాశక్తి కూడా పెరగాలని మా ఇద్దరి కోరిక. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల దుకాణాల్లో 'నీతి కథలు' అన్న పేరుతో దాదాపు ఒకే తరహా పుస్తకాలు కనిపిస్తున్నాయి: మెరిసే అట్ట, పేజీకొక కథ, అడుగున గడి కట్టిన నీతి. మా అమ్మాయి ముందుగా ఆ గడిలోది చదివి, కథ వదిలేసి పేజీ తిప్పేస్తోంది. ఏం చూసి పుస్తకం ఎంచుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పెందుర్తి టీచరమ్మ:
మీ అమ్మాయి చేస్తున్నది సహజమేనండీ. కథ సారమంతా ఒక్క వాక్యంలో దొరికిపోతున్నప్పుడు మిగతాది ఎందుకు చదవాలో పిల్లలకు తెలియదు. అలాంటి పుస్తకాలు మా బడిలోనూ ఉన్నాయి. నేను నీతి వాక్యం మీద కాగితం అంటించి పిల్లల చేతికిస్తాను. కుందేలు, తాబేలు పందెం కథ అలా చదివించినప్పుడు ఒక బాబు లేచి, "కుందేలు నిద్రపోతుంటే తాబేలు లేపకుండా ఎందుకెళ్ళిపోయింది టీచర్?" అని అడిగాడు. పందెంలో లేపనవసరం లేదని కొందరు, స్నేహితుడైతే లేపాలని కొందరు గంట కొట్టేదాకా వాదించుకున్నారు. గడిలోని నీతి ముందే చదివి ఉంటే ఆ ప్రశ్న పుట్టేది కాదని నా నమ్మకం.

పంచతంత్రం కొనేటప్పుడు మరికాస్త జాగ్రత్త అవసరం. అందులో మొదటి భాగమైన మిత్రభేదంలో దమనకుడనే నక్క సింహమైన పింగళకుడికీ, ఎద్దు అయిన సంజీవకుడికీ మధ్య చాడీలు చెప్పి విరోధం పెడుతుంది. చివరికి సంజీవకుడు ప్రాణాలు కోల్పోతాడు, దమనకుడు మంత్రిగా నిలుస్తాడు, శిక్ష పడదు. ఈ కథలు 8వ శతాబ్దంలో అరబ్బీలోకి వెళ్ళినప్పుడు ఆ నక్కను విచారించి శిక్షించే అధ్యాయం ఒకటి అదనంగా చేరిందంటే, ఈ ముగింపు పెద్దలను సైతం ఎంత కలవరపెట్టిందో ఆలోచించండి. పిల్లల సంక్షిప్త పుస్తకాలు కొన్ని దీన్ని కుదించి, 'చెడు స్నేహం చేటు' అని ముగిస్తాయి. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు కథను ఉన్నది ఉన్నట్టు చెప్పి, సింహం తన స్నేహితుణ్ణి నేరుగా ఎందుకు అడగలేదని ప్రశ్నించండి. విన్న మాటను నమ్మేముందు విచారించుకోవాలన్న సంగతి వాళ్ళ నోటి నుంచే వస్తుంది.

ద్వారకానగర్ పాఠకుడు:
టీచరమ్మ గారి మాటకు ఒక పాత ఉదాహరణ చేరుస్తాను. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ చదివి పెరిగిన వారికి బేతాళ కథలు గుర్తుండే ఉంటాయి. సంస్కృతంలో ఉన్నవి ఇరవై అయిదు కథలే కాగా, పత్రిక కోసం రచయితలు కొత్తవి అల్లుతూ పోయారు. ప్రతి కథా ఒక చిక్కు ప్రశ్న దగ్గర ఆగేది: ఎవరి త్యాగం గొప్పది, ఎవరిది తప్పు? మా ఇంట్లో ప్రశ్న రాగానే పుస్తకం మూసేసి, విక్రమార్కుడి కంటే ముందు మనవడి చేత జవాబు చెప్పించేవాళ్ళం. రాజు చెప్పిన తీర్పు కంటే వాడి తీర్పే మాకు నచ్చిన సందర్భాలు ఉన్నాయి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళి, ఏది తీసుకోవాలో వాళ్ళనే వెతుక్కోనివ్వండి.

భీమిలి అమ్మమ్మ:
మంచీ చెడూ నేరుగా చెప్పకూడదన్న మాట నాకు మింగుడు పడటం లేదు. మేము వేమన పద్యాలు, సుమతీ శతకం కంఠస్థం చేసి పెరిగాం. వాటిలో నీతి సూటిగానే ఉంటుంది. ఉప్పునూ కర్పూరాన్నీ పక్కపక్కన నిలిపిన వేమన పద్యం నేర్పేటప్పుడు, ఆ రెంటినీ పొడి చేసి రెండు గిన్నెల్లో పెట్టి, ముందు దూరం నుంచి చూడమని, తరువాత దగ్గరికి వచ్చి వాసన పీల్చమని మా మనవరాలికి చెప్పాను. మనుషుల్లో తేడా గురించి నేను వివరించకముందే తన తరగతిలో ఎవరు ఎలాంటివారో చెప్పడం మొదలుపెట్టింది.

పెందుర్తి టీచరమ్మ:
అమ్మమ్మ గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఆ పద్యంలో నీతి కంటికీ ముక్కుకూ అందుతుంది కాబట్టే నిలిచింది. నా అభ్యంతరం కథకు సంబంధం లేకుండా అడుగున అతికించిన వాక్యాల మీదే.

ఎంవీపీ కాలనీ తల్లి:
నేను ముందుగా బొమ్మలు చూస్తాను. అక్షరాల్లో 'అందరూ సమానమే' అని రాసి, బొమ్మల్లో రాక్షసుణ్ణి నల్లగా, రాజకుమారిని తెల్లగా వేసిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ప్రతి పేజీలోనూ అమ్మ పొయ్యి దగ్గర, నాన్న పేపరుతో కుర్చీలో ఉంటే పిల్లలు నేర్చుకునే విలువ అదే. చదవడం రాని వయసులో బొమ్మే పాఠం కనుక, ఈ విషయంలో నేను రాజీపడను.

తరువాత అచ్చు చూడాలి. తెలుగులో అక్షరం కింద ఒత్తు వస్తుంది కాబట్టి, చిన్న అచ్చులో వరసలు ఇరుకైతే పిల్లల కళ్ళు తడబడతాయి. దుకాణంలోనే ఒక పేజీ పైకి చదివి చూడండి. మీ నోటికే తిరగని వాక్యం పిల్లల నోటికి ఎలా తిరుగుతుంది? ఇంగ్లీషు నుంచి మాటకు మాట దింపిన పుస్తకాలు ఈ పరీక్షలో వెంటనే బయటపడతాయి.

ధర విషయానికి వస్తే, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు చవక. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి, అచ్చు తీసుకోవచ్చు కూడా. హైదరాబాద్‌లోని 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వారి జాబితా కూడా ఒకసారి తిరగేయండి.

పెదజాలరిపేట అన్నయ్య:
సాయంత్రాలు మా పేట పిల్లలకు కథలు చదివి వినిపిస్తుంటాను. సముద్రం మీద వచ్చిన ఒక బొమ్మల పుస్తకం చూపిస్తే, "అన్నయ్యా, ఈ తాబేలుకు కాళ్ళేంటి?" అని ఒక పాప నవ్వింది. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలో గుడ్లు పెట్టడం, అటవీ శాఖ వారు తాబేలు పిల్లలను సముద్రంలోకి వదలడం ఆమె కళ్ళారా చూసింది. వాటికి తెడ్లలాంటి అవయవాలు ఉంటాయని ఆమెకు తెలుసు. ఆ పుస్తకంలో తాబేలు మాట్లాడటం, పాట పాడటం ఆమెకు ఏమాత్రం ఇబ్బంది కాలేదు. కాళ్ళ దగ్గరే నమ్మకం పోయింది. కల్పన ఎంత ఎగిరినా ఫరవాలేదు గానీ, తెలిసిన వస్తువును తప్పుగా చూపిన పుస్తకాన్ని మా పిల్లలు రెండోసారి అడగరు. మాటలు లేని బొమ్మల పుస్తకాలైతే రోజుకో కథ కట్టి నాకే చెబుతారు.

కూర్మన్నపాలెం నాన్న:
అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. ఒత్తు దగ్గర ఆగినప్పుడు అక్కడే ఆపి దిద్దాలా, వదిలేయాలా?

పెందుర్తి టీచరమ్మ:
ఆపకండి. ఆ మాట మీరు పలికి, తరువాతి మాట ఆమెకు వదిలేయండి. కథ సాగుతుంటే అదే మాట మళ్ళీ వస్తుంది, అప్పుడు తనే అందుకుంటుంది. దిద్దడం కోసం వేరే సమయం పెట్టుకోండి. బేతాళ కథలకు ఇంకొంత కాలం ఆగవచ్చు. ప్రస్తుతానికి పేజీకి రెండు మూడు వాక్యాలున్న బొమ్మల పుస్తకాలు తీసుకుని, ఆఖరి పేజీకి ముందు ఆగి, తరువాత ఏమవుతుందో ఆమెనే చెప్పమనండి.