పెప్టోన్‌లో (ముక్కలు చేసిన ప్రోటీన్‌లో) బూజు దట్టంగా పెరిగింది, అది చేసే విషం అఫ్లాటాక్సిన్ మాత్రం లేదు. ఎందుకు?

ఎమ్మెస్సీ విద్యార్థి:
పాడైన వేరుశనగ గింజల నుంచి తీసిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుని రెండు ఫ్లాస్కుల్లో పెంచాను, ఒకదానిలో గ్లూకోజ్, రెండోదానిలో చక్కెరేమీ లేకుండా ఉత్త పెప్టోన్. వారానికి రెండింటి పైనా పచ్చటి పొర కట్టింది, పెప్టోన్‌దే ఇంకా మందం. కానీ క్లోరోఫారంతో తీసి టీఎల్‌సీ ప్లేటు (కలిసిన పదార్థాలను విడదీసి చూపే పలక) మీద చుక్క పెట్టి యూవీ వెలుగు కింద చూస్తే గ్లూకోజ్‌ది నీలంగా మెరిసింది, అంటే అఫ్లాటాక్సిన్ ఉన్నట్టు, పెప్టోన్‌ది అసలు లేదు. రెండుసార్లు చేశాను, అదే వచ్చింది. తప్పు చేశానేమోనని టెన్షన్‌గా ఉంది.

బూజుల మాస్టారు:
తప్పేం లేదమ్మా, చక్కగా చేశావు. పెరగడం వేరు, విషం చేయడం వేరు. గ్లూకోజ్ విరిగి అసిటైల్ కో-ఎ అనే చిన్న అణువు వస్తుంది, అఫ్లాటాక్సిన్ కట్టడానికి అదే ఇటుక, పైగా ఆ జన్యువులు పనిలోకి దిగడానికీ చక్కెర అందాలి. సుక్రోజ్, ఫ్రక్టోజ్, మాల్టోజ్ వేసినా వస్తుంది, లాక్టోజ్‌లో మాత్రం చాలా తక్కువ, కాబట్టి మూడో ఫ్లాస్కు లాక్టోజ్‌తో పెట్టు. పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) చూశావా? పెప్టోన్ తిన్న బూజు అమ్మోనియా వదులుతుంది, పీహెచ్ పెరుగుతుంది, ఈ విషానికేమో ఆమ్లం వైపు ఉంటేనే అనుకూలం. అది రాసుకోకపోతే తేడా చక్కెర వల్లో పీహెచ్ వల్లో చెప్పలేవు.

అనంతపురం రైతు:
అయితే తీపి తక్కువుండే రకం వేస్తే మాకీ బాధ తప్పుతుందా సార్? కోతకు ముందు వాన మొహం చాటేసిన ఏడు గింజలకు బూజు పడుతోంది. ఆ గింజలు గేదెలకు పెట్టొచ్చా?

బూజుల మాస్టారు:
తప్పదన్నా. గింజలో సుక్రోజ్ ఉండనే ఉంటుంది, నూనె మీద బతికి కూడా ఆ బూజు విషం చేస్తుంది. చివర్లో బెట్ట, నేల వేడి, పురుగు తొలిచిన కాయ, అసలు దారులు ఇవే. వీలుంటే ఆఖర్లో ఒక తడి ఇవ్వండి, పీకాక కాయలు పైకి ఉండేలా చెట్లు తిరగేసి ఆరబెట్టండి, పచ్చిగా కుప్ప పోయొద్దు, గింజలో తేమ 8 శాతం లోపుకి వచ్చాకే బస్తాలకెత్తండి. గేదెలకు మాత్రం పెట్టకండి, ఈ విషం ఎం1 అనే రూపంలో పాలలోకి దిగి పిల్లల దాకా వస్తుంది. వేయించినా పూర్తిగా పోదు.

ఎమ్మెస్సీ విద్యార్థి:
సార్, పీహెచ్ అసలు చూడనేలేదు. పాత పెప్టోన్ ఫ్లాస్కు పారేయలేదు, రేపు పొద్దున్నే చూస్తాను. అలాగే కొత్త పెప్టోన్ ఫ్లాస్కు ఒకటి పెట్టి, పొర కట్టాక దాంట్లో గ్లూకోజ్ కలిపి విషం మొదలవుతుందేమో చూస్తాను.