ల్యాబ్ డబ్బు దేనికి: ప్రింట్ కోటాకా, సిమ్యులేషన్ లైసెన్సుకా?

వంశధార_ల్యాబ్ (గుణుపూర్)
గుణుపూర్ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ల్యాబ్ చూస్తుంటాను. ఈ ఏడు సాఫ్ట్‌వేర్‌కి ఒక్క బిల్లే పాస్ చేస్తామంది యాజమాన్యం. పేపర్‌కట్ లాంటి ప్రింట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కావాలా, భాగం మీద బరువు పడితే ఏమవుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే ఆన్సిస్ లైసెన్సు కావాలా తేల్చుకోమన్నారు. ఫైనలియర్ పిల్లలు రిపోర్టుల కోసం రంగురంగుల స్ట్రెస్ బొమ్మలు (భాగంలో ఒత్తిడి ఎక్కడెంతో చూపేవి) దస్తాలకొద్దీ కొడుతున్నారు. కలర్ టోనర్ నెల తిరక్కుండానే ఖాళీ. ప్రిన్సిపాల్ గారు ప్రింట్ కోటా వైపు, నేను లైసెన్సు వైపు. మీరేమంటారు?

జైపూర్_సిస్టమ్స్
ముందు ప్రింటర్‌కి కళ్లెం వెయ్యండి సార్. అది మిగిల్చిన డబ్బుతో వచ్చే ఏడు లైసెన్సు కొనుక్కోవచ్చు.

నాగావళి_ఒడ్డు (రాయగడ)
జేకేపూర్ కాగితం మిల్లు మా పక్కనే ఉన్నా కాగితం ఊరికే రాదు, నిజమే. కానీ కోటాకి డబ్బెందుకన్నా? లినక్స్‌లో ప్రింటర్లని నడిపే కప్స్ ఉంది కదా. మైకేల్ స్వీట్ రాసింది, 1999లో వచ్చింది, మాక్‌లోనూ నడిచేది అదే. ఎల్పీఅడ్మిన్ కమాండులో జాబ్-కోటా-పీరియడ్ 604800 (వారానికి సెకండ్లు అవి), జాబ్-పేజ్-లిమిట్ 30 అని పెడితే మనిషికి వారానికి 30 పేజీలు, అంతే. ఎవరు ఎన్ని కొట్టారో పేజ్_లాగ్‌లో పేరుతో సహా ఉంటుంది.

జైపూర్_సిస్టమ్స్
అంత సులువేం కాదు తమ్ముడూ. ఆ లిమిట్ ప్రింటర్‌కి ఒకటే. ఫైనలియర్‌కి ఎక్కువ, ఫస్టియర్‌కి తక్కువ అంటే కుదరదు. పైగా విండోస్ మిషన్ సొంత డ్రైవర్‌తో తయారుచేసి పంపిన ఫైలుని రా క్యూలో (ఫైలుని ఉన్నదున్నట్టు ప్రింటర్‌కి పంపే వరసలో) కప్స్ విప్పి చూడదు. నలభై పేజీలదైనా లాగ్‌లో ఒకటనే పడుతుంది. పేపర్‌కట్ అయితే స్పూల్ ఫైలు (ప్రింటర్‌కి వెళ్లబోయే ఫైలు) చదివి కలర్ ఎన్నో, నలుపు ఎన్నో విడదీస్తుంది. డబ్బు దానికే.

నాగావళి_ఒడ్డు (రాయగడ)
2023 సంగతి కూడా చెప్పండి మరి. పాస్‌వర్డ్ లేకుండానే సర్వర్‌లోకి దూరే లోపం పేపర్‌కట్‌లో బయటపడింది. మార్చిలో ప్యాచ్ ఇచ్చారు, వేసుకోని చోట్ల ఏప్రిల్‌లో దాడులు జరిగాయి. మన కాలేజీల్లో ప్యాచ్‌లు వేసే నాథుడెవరు? అది సరే, వంశధార గారూ, మీ ల్యాబ్‌లో పిల్లలకి విడివిడిగా లాగిన్లు ఉన్నాయా?

వంశధార_ల్యాబ్ (గుణుపూర్)
లేవు. అన్ని మిషన్లూ 'స్టూడెంట్' పేరు మీదే తెరుచుకుంటాయి.

నాగావళి_ఒడ్డు (రాయగడ)
అయితే ఏది పెట్టినా 'స్టూడెంట్' అనే మహానుభావుడే మొత్తం కొట్టాడని రిపోర్టు ఇస్తుంది.

జైపూర్_సిస్టమ్స్
ప్రింట్ కొట్టబోయే ముందు పేరూ పాస్‌వర్డూ అడిగే ఏర్పాటు పేపర్‌కట్‌లో ఉంది. వెటకారం తగ్గించు.

ఇంజన్_మాస్టారు (సునాబేడ)
అందరూ ప్రింటర్ చుట్టూనే తిరుగుతున్నారు. ఆ కాగితం మీద ఏముందో చూశారా? వైవాలకి వెళ్లినప్పుడల్లా నాకు కనబడేది ఇదే. ఎల్ ఆకారం బ్రాకెట్, లోపలి మూల పదునుగా వదిలేసి ఉంటుంది, అక్కడో ఎర్ర చుక్క. మెష్ (లెక్క కోసం భాగాన్ని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టే వల) సన్నం చేస్తే స్ట్రెస్ పెరుగుతుంది, ఇంకా సన్నం చేస్తే ఇంకా పెరుగుతుంది. పదును మూల దగ్గర ఎలాస్టిక్ లెక్కలో స్ట్రెస్‌కి హద్దు లేదు మరి! ఫిల్లెట్ ఇస్తే, అంటే మూలని గుండ్రం చేస్తే, ఒక విలువ దగ్గర నిలబడుతుంది. ఈ ముక్క తెలియక ప్రతి మెష్‌కీ ఒక కలర్ పేజీ కొట్టి అంటిస్తారు. నిజానికి కావలసింది ఒక్క గ్రాఫ్. అడ్డంగా నోడ్లు (ముక్కలు కలిసే బిందువులు) ఎన్నో, నిలువుగా స్ట్రెస్ ఎంతో. నలుపులో చాలు.

ఇక లైసెన్సు. ఇలాంటి లెక్కలే చేసే కాల్క్యులిక్స్ ఉచితం. మ్యూనిక్‌లో విమాన ఇంజన్లు చేసే ఎంటీయూలో ఇంజనీర్లు గీడో ధోంట్, క్లాస్ విట్టిగ్ రాశారు. 1998 నుంచీ బయట ఉంది. దాని ఇన్‌పుట్ ఫైలు చాలావరకు అబాకస్ (ఆన్సిస్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) ఫైలు లాగే ఉంటుంది. ఫ్రీక్యాడ్‌లో బొమ్మ గీసి అక్కణ్ణుంచే నడపొచ్చు, నేనైతే ఫైలు చేత్తోనే రాయిస్తాను. అందులో యూనిట్లు ఉండవు, మనమే పట్టుకోవాలి. మిల్లీమీటర్లు, న్యూటన్లు అనుకుంటే స్టీలు యంగ్స్ మాడ్యులస్ 210000. డెన్సిటీ మాత్రం 7850 కాదు, 7.85ని 10 పవర్ మైనస్ 9తో గుణించాలి, అంటే ఘన మిల్లీమీటరుకి టన్నులన్నమాట. అలవాటుకొద్దీ 7850 కొట్టినవాడి దూలం లక్ష కోట్ల రెట్లు బరువెక్కి పాతాళానికి పోతుంది. ఒక్కసారి ఆ దెబ్బ తిన్న కుర్రాడు యూనిట్లు జన్మలో మరచిపోడు.

పర్లాకిమిడి_ఫైనలియర్
మాస్టారూ, వైజాగ్, హైదరాబాద్ ఉద్యోగ ప్రకటనల్లో ఆన్సిస్, అబాకస్, హైపర్‌మెష్ అనే ఉంటాయి. రెజ్యూమేలో కాల్క్యులిక్స్ అని రాస్తే హెచ్చార్ వాళ్లు ఇదేంటి అంటున్నారు. మీకు ఉద్యోగం ఉంది కాబట్టి ఎన్నైనా చెబుతారు.

ఇంజన్_మాస్టారు (సునాబేడ)
నీ కోపం న్యాయమే అమ్మా. ఆన్సిస్ స్టూడెంట్ ఎడిషన్ ఉచితం, విండోస్‌లో వేసుకో. స్ట్రక్చరల్ లెక్కలకి 128000 నోడ్లు, ఎలిమెంట్ల దాకా ఒప్పుకుంటుంది, నీ ప్రాజెక్టుకి ధారాళం. అబాకస్ లెర్నింగ్ ఎడిషన్ మాత్రం 1000 నోడ్ల దగ్గరే ఆగిపోతుంది, దాని జోలికి పోకు.

పర్లాకిమిడి_ఫైనలియర్
అది సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల మాట. మా హాస్టల్లో చాలామందికి ల్యాబే దిక్కు.

జైపూర్_సిస్టమ్స్
అమ్మాయి మాట కొట్టెయ్యలేం. ఇంకో చిక్కు, గ్రాఫ్ ఒక్కటే పెడితే బీపీయూటీ (మన టెక్నికల్ యూనివర్సిటీ) పంపే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఊరుకుంటారా? లావుపాటి రిపోర్టు చూస్తేనే మార్కులు వేసేవాళ్లు ఉన్నారు.

ఇంజన్_మాస్టారు (సునాబేడ)
ఉన్నారు. బొమ్మలు కావాలన్నవాళ్లకి స్క్రీన్ మీద చూపించమనండి. తిప్పి చూసుకోవచ్చు, కాగితం మీద ఆ వీలు లేదు.

వంశధార_ల్యాబ్ (గుణుపూర్)
ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. ప్రింట్ సాఫ్ట్‌వేర్ బిల్లు ఆగింది. లాగిన్లు విడగొట్టి కప్స్ పెడతాం, విండోస్ మిషన్లకి కప్స్ చదవగలిగే పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ వేసి పేజీలు సరిగా పడుతున్నాయో లేదో చూస్తాం. ఆన్సిస్ మాత్రం సీట్లు తక్కువైనా అడుగుతున్నాను, ల్యాప్‌టాప్ లేనివాళ్లకి ముందు స్లాట్లు. కాల్క్యులిక్స్ థర్డియర్ నుంచి మొదలు. అప్పటిదాకా కలర్ ప్రింటర్‌ని స్టాఫ్ రూములోకి మారుస్తున్నాం.

జైపూర్_సిస్టమ్స్
స్టాఫ్ రూములోకా? కోటా ముందు అక్కడ పెట్టండి సార్. పిల్లల పుట్టినరోజు బ్యానర్లన్నీ అందులోనే వస్తాయి.