కీమో పోర్టు వేశాక రాత్రిళ్లు ఎలా పడుకోవాలి?

ప్రశ్న (చిత్తూరు, గ్రీంస్‌పేట):
అందరికీ నమస్తే. అమ్మకు 58 ఏళ్లు. కుడివైపు కాలరు ఎముక కింద పోర్టు (కీమో మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టే గొట్టం ఉన్న బిళ్ల) వేసి ఐదు రోజులైంది. చాప మీద కుడివైపుకు తిరిగి పడుకోవడం ఆమె అలవాటు. ఇప్పుడు ఎటు తిరిగినా మెడ లాగుతోంది, లోపలి గొట్టం మడత పడుతుందేమోనని భయంతో కూర్చునే ఉంటోంది. వచ్చే బుధవారం తిరుపతిలో కీమో, 46 గంటల పాటు మందు ఎక్కే బాటిల్ తగిలించి ఇంటికి పంపిస్తారట. దాంతో ఎలా పడుకోవాలి?

జవాబు (కీమో వార్డు నర్సు, తిరుపతి):
ముందు భయం సంగతి. గొట్టం మెత్తగా ఉంటుంది, మెడ దగ్గరి పెద్ద రక్తనాళంలోంచి గుండె పైభాగం దాకా వెళ్తుంది. పడుకున్నంత మాత్రాన విరగదు. పోర్టు బిళ్ల చర్మం కింద చేసిన సంచి లాంటి చోట కూర్చుని ఉంటుంది. ఆ చోటు గట్టిపడటానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి అంతవరకు కుడివైపు, బోర్లా వద్దు. మెడ లాగడానికి కారణం వేరే. గొట్టాన్ని కాలరు ఎముక మీదుగా చర్మం కింద నుంచే మెడ దాకా తీసుకెళ్తారు, అక్కడ ఇంకో చిన్న కోత ఉంటుంది. ఆ లాగుడు రోజురోజుకూ తగ్గాలి. పెరుగుతుంటే, చెయ్యిగానీ మెడగానీ వాస్తే, ఎర్రబడి చీము కారితే వెంటనే చూపించండి.

జ్వరానికి మాత్రం తెల్లారేదాకా ఆగకండి. 100.4 డిగ్రీలు దాటినా, చలితో వణికినా అప్పుడే ఆసుపత్రికి బయల్దేరాలి. నొప్పికి పారాసిటమాల్ వేసే ముందు ఒంటి వేడి చూసి రాసుకోండి. మాత్ర పడితే జ్వరం దాక్కుంటుంది.

కోత మీద పసుపు, విభూతి ఏమీ పెట్టకూడదు. పసుపుతాడు తడిసి గాయానికి తగులుతుంటుంది. తీయమని చెప్పను, రాత్రిపూట ఎడమవైపుకు జరిపి రవికెకు పిన్ను పెడితే చాలు.

జవాబు (ఫిజియో):
చాప రెండు వారాలు పక్కన పెట్టండి. ఇబ్బంది పడుకోవడానికి కాదు, లేవడానికి. నేల మీంచి లేచేటప్పుడు ఒళ్లంతా చేతుల మీద పడుతుంది, కుడి ఛాతీ కండరం బిగుసుకుని కోత లాగుతుంది. మంచం మీదైతే ఎడమవైపు దొర్లి, కాళ్లు కిందికి వేసి, ఎడమచేత్తో నొక్కి లేవవచ్చు.

అందరూ చేసే తప్పు తలకింద రెండు దిండ్లు పెట్టడం. మెడ ముందుకు వంగి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. వాలు నడుము పైనుంచే మొదలవ్వాలి. మందపాటి బొంతను మడిచి వీపు కింద వేసి, దాని మీద ఒక దిండు పెట్టండి. 30 నుంచి 45 డిగ్రీల వాలు వస్తే సరి. మోకాళ్ల కింద చుట్టిన దుప్పటి పెడితే కిందికి జారిపోరు.

ఎడమవైపు తిరగాలనిపిస్తే ఒక దిండు కావలించుకోమనండి. లేకపోతే కుడిచెయ్యి బరువుకు ముందుకు వాలి పోర్టు చోటును లాగుతుంది, అర్ధరాత్రి మెలకువ వచ్చేది అందుకే. తలకింద దిండు భుజం ఎత్తుకు సరిపోవాలి. మిద్దె ఎక్కి పడుకునే అలవాటుంటే కొన్నాళ్లు మానెయ్యండి, చీకట్లో మెట్ల కడ్డీ పట్టుకుని ఒంటిని లాక్కోవడం మంచిది కాదు. నీళ్ల బిందె కూడా వద్దు. అలాగని చెయ్యి పూర్తిగా కదపకపోతే భుజం పట్టేస్తుంది. అన్నం కలుపుకోవడం, తల దువ్వుకోవడం కుడిచేత్తోనే కానివ్వండి.

ప్రశ్న వేసినవారు:
థాంక్సండీ. మనవడు పక్కనే పడుకుంటాడు, కాలు తగిలితే?

నర్సు:
రెండు వారాలు వేరే పడుకోబెట్టండి. తర్వాత ఎడమవైపు. బాటిల్ కోసం పోర్టులో సూది గుచ్చి ఉన్న రెండు రాత్రులూ మాత్రం అసలు వద్దు.

ఇక బాటిల్. అందులో బెలూన్ ఉంటుంది, అది మెల్లగా ముడుచుకుంటూ మందును తోస్తుంది. కరెంటు పోయినా దానికేం కాదు. సంచిలో పెట్టి నడుముకు నాడాతో కట్టండి. దిండు పక్కన విడిగా పెడితే, నిద్రమత్తులో బాత్రూముకు లేచినప్పుడు అది కిందపడి సూదిని లాగేస్తుంది. మెడకు మాత్రం తగిలించకండి. ట్యూబును ఒక చుట్టు వదులుగా వదిలి ఒంటికి టేపు వేస్తే, లాగుడు టేపు మీద పడుతుంది, సూది మీద పడదు. ట్యూబు చివర ఛాతీకి అంటించే చిన్న ముక్క ఉంటే దాన్ని ఊడనివ్వకండి. ఒంటి వేడిని బట్టే మందు వేగం నడిచేలా చేస్తారు. దాని మీద ఐసు ముక్కలు, వేడినీళ్ల సంచి పెట్టకూడదు.

పడుకునే ముందు ట్యూబు మీది క్లిప్పు తెరిచే ఉందా, ట్యూబు మడతపడిందా చూడండి. మొదటి కొన్ని గంటలు బెలూన్ తగ్గినట్టు కనిపించదు, కంగారు పడకండి. మరునాటికి కూడా అలాగే ఉంటే ఫోన్ చెయ్యండి. సూది దగ్గర మంట, వాపు, తడి తెలిస్తే క్లిప్పు మూసి ఫోన్ చెయ్యండి. ఊడిన సూదిని లోపలికి నొక్కవద్దు. కారిన మందును గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి, ఒంటికి తగిలితే సబ్బు నీళ్లతో బాగా కడగండి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

జవాబు (ఫార్మసిస్టు):
ఒకటి అందరూ మర్చిపోతారు. కీమోతో పాటు వాంతులు రాకుండా డెక్సామెథాసోన్ ఇస్తారు. ఆ స్టెరాయిడ్ రాత్రికి నిద్రను చెడగొడుతుంది, నింద పోర్టు మీద పడుతుంది. ఇంటికి మాత్రలు రాసిస్తే పొద్దున టిఫిన్‌తో వేసుకోవచ్చా, రెండో మాత్ర మధ్యాహ్నం రెండులోపు వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. సొంతంగా మానెయ్యవద్దు.

సూదిపోటుకు భయపడితే ప్రిలాక్స్ లాంటి, చర్మాన్ని మొద్దుబార్చే క్రీము గంట ముందు పూసి ప్లాస్టిక్ కాగితం కప్పాలి. అది కూడా కోత మానాకే, నర్సును అడిగి.

ప్రశ్న వేసినవారు:
బాటిల్ తీయడానికి మళ్లీ తిరుపతి రావాలి కదా, ఎన్నింటికి బయల్దేరాలి?

నర్సు:
తగిలించిన టైము బాటిల్ మీదే రాయించుకోండి. బుధవారం 11కి కడితే శుక్రవారం పొద్దున 9కి అయిపోతుంది. బస్సులో రెండు గంటలు వేసుకుని ఏడుకల్లా ఎక్కండి. కారైతే సీటుబెల్టు తియ్యకుండా పోర్టుకు, బెల్టుకు మధ్య మడిచిన తువ్వాలు పెట్టండి. బెలూన్ పూర్తిగా ముడుచుకున్నాక గంటల తరబడి అలాగే వదిలేస్తే గొట్టంలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆలస్యమయ్యేలా ఉంటే దారిలోంచే వార్డుకు ఫోన్ చెయ్యండి.