ఏరడం అంటే వర్గీకరించడమేనా?

అనంతపురం అమ్మ: మా పాప రెండో తరగతి. వర్క్‌షీట్‌లో "ఆకారాన్ని బట్టి వర్గీకరించండి" అని ఉంది. అర్థం కాక పోయి వాళ్ళ అవ్వను అడిగింది. "ఏరి పెట్టమంటాండారు లేమ్మీ" అనిందంట. పాప గుండ్రంగా ఉన్నవి మాత్రం ఏరి, మిగతావి వదిలేసింది. సగం మార్కులు పోయాయి. తప్పు అవ్వదా, మాటదా?

బుడ్డల రైతు, పత్తికొండ: అవ్వది తప్పేం లేదక్కా. ఏరడమంటే కుప్పలోంచి కొన్ని తీయడం, అంతే. విత్తనానికి బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, వలిచాక చేటలో పోసుకుని ముడుచుకున్నవి, పగిలినవి, పొట్టు ఊడినవి తీసేస్తాం. అదీ ఏరడమే. అన్ని కుప్పలూ కావాలంటే "ఏ రకం ఆ రకం వేరుగా పెట్టు" అనాల.

జేజి మనవడు, కడప: బియ్యం ఏరితే పారేసేది రాయి. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు ఏరితే దాచుకునేది రాయి! ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో ఈ మాట చెప్పదు.

బుడ్డల రైతు, పత్తికొండ: అవి మా పక్క ఊర్లే అన్నా. వజ్రాలు వెతుకుతారు అంటాం. దొరికితేనే ఏరుకున్నట్టు. నేను మూడేండ్లు పోయినా, ఇంకా వెతకడంలోనే ఉన్నా.

రిటైర్డ్ టీచర్, ఆదోని: ఏరడం చేతివేళ్ళ పని. చెరగడం చేటతో, ఎగరేస్తే పొట్టు ముందుకు పోతుంది. తూర్పారబట్టడం కళ్ళంలో, గాలివాటు చూసుకుని. గాలించడానికి నీళ్ళు కావాలి: గిన్నె ఊపుతూ బియ్యాన్ని నీళ్ళతో పాటు ఇంకో గిన్నెలోకి వంచుతుంటే రాళ్ళు బరువుకు అడుగునే నిలిచిపోతాయి. మా అమ్మ చివరి గుప్పెడు మాత్రం వంచేది కాదు, కోళ్ళకు వేసేది. ఇప్పుడు రాళ్ళు లేని మిల్లు బియ్యమే వస్తున్నాయి, ఇంట్లో ఈ మాటలతో పని లేదు. అన్నీ పేపర్లకెక్కాయి. దొంగల కోసం పోలీసులు గాలిస్తారు, ఊరంతా జల్లెడ పడతారు. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తూర్పారబడుతుంది. అన్నట్టు, తెలంగాణలో పత్తి కూడా ఏరతారు.

జేజి మనవడు, కడప: "ఏరి కోరి చేసుకున్నావు, అనుభవించు" అని మా జేజి నన్ను రోజూ అంటుంది. అది ఏ చేటలోకి వస్తుంది సార్?

అనంతపురం అమ్మ: అవ్వకు ఇదంతా చదివి వినిపించా. "నీళ్ళు లేకుండా పోలీసోళ్ళు ఎట్ల గాలిస్తారు?" అంటోంది.