సొరచేపలు: “కోటిలో ఒక్కటి” అని ధైర్యం చెప్పడం సరైనదేనా?

సందేహాల రాయుడు

సముద్రంలో ఈత గురించో సర్ఫింగ్ గురించో మాట వస్తే చాలు, ఎవరో ఒకరు అందుకుంటారు: “సొరచేప కరిచే అవకాశం కోటిలో ఒక్కటి కూడా లేదు, పిడుగు పడి పోయేవాళ్లే ఎక్కువ, హాయిగా దిగండి.” బాగానే ఉంది. కానీ తెల్లారకముందే బోర్డు తీసుకెళ్లి అలల వెనక గంటల తరబడి కూర్చునేవాడికీ, ఏడాదికోసారి మోకాలి లోతులో తడిసి వచ్చేవాడికీ ఒకే లెక్క ఎలా వర్తిస్తుంది? ఈ సగటు లెక్కతో ధైర్యం చెప్పడం మానేయాలని నా వాదన. కాదనేవాళ్లు రండి.

లెక్కల మాష్టారు

కాదంటాను. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం మ్యూజియంలో ‘ఇంటర్నేషనల్ షార్క్ అటాక్ ఫైల్’ అని ఒక రికార్డు నడుపుతున్నారు. మనిషి కవ్వించకుండా సొర కరిచిన ఘటనలు 2023లో ప్రపంచం మొత్తమ్మీద 69, వాటిలో చావులు 10. మరుసటి ఏడాది 47, చావులు 4. నీళ్లలోకి దిగేవాళ్లు కోట్లలో ఉంటారు. సొరచేపల్లో 500కు పైగా జాతులుంటే, ప్రాణాలు తీసిన కేసుల్లో ఎక్కువ భాగం మూడింటివే: గ్రేట్ వైట్, టైగర్, బుల్.

పక్కనే రిప్ కరెంట్ ఉంది. ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే ఆ ప్రవాహం ఒక్క అమెరికాలోనే ఏటా సుమారు వందమందిని మింగుతోందని అక్కడి లైఫ్‌గార్డుల సంఘం అంచనా. దాని గురించి ఎవరికీ టెన్షన్ లేదు. నీళ్లలో రెక్క కనబడితే మాత్రం గుండె ఆగిపోతుంది. ఈ తేడా చూపించడానికే సగటు లెక్క.

ఉప్పునీళ్లు

మాష్టారూ, మీ లెక్కలో తప్పు లేదు, కానీ ఆ లెక్క పట్టుకుని రీయూనియన్ దీవికి వెళ్లి చెప్పండి, వింటారేమో చూద్దాం. హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్ అధీనంలో ఉన్న చిన్న దీవి. 2011 నుంచి 2019 మధ్య అక్కడ సొరచేపల బారినపడి 11 మంది పోయారు. 2013లో అధికారులు పగడపు దిబ్బల లోపలి మడుగులూ, కాపలా ఉన్న కొన్ని చోట్లూ తప్ప ఈత, సర్ఫింగ్ నిషేధించారు. సర్ఫింగ్ పోటీలతో పేరు తెచ్చుకున్న చోటు అది. అక్కడి కుర్రాళ్లకు “ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి పదిమందే కదా” అంటే ఏం లాభం?

బ్రెజిల్‌లో రెసిఫే సంగతీ అంతే. 1992 నుంచి అక్కడ వరసగా దాడులు మొదలయ్యాయి. దక్షిణాన సువాపే ఓడరేవు కట్టడానికి నదీముఖాలనూ మడ అడవులనూ చెరపడంతో, అక్కడ తిరిగే బుల్ షార్కులు ఊరి బీచ్‌ల వైపు మళ్లాయని పరిశోధకుల వాదన. తీరానికి దగ్గరగా లోతైన కాలువ, బురదనీళ్లు కూడా తోడయ్యాయి.

ఫ్లోరిడాలో న్యూ స్మిర్నా బీచ్ దీనికి తిరగేసిన కేసు. కాట్లలో ప్రపంచంలోనే ముందుంటుంది, చావుల దాకా మాత్రం రాదు. కరిచేవి ఎక్కువగా బ్లాక్‌టిప్ అనే చిన్న సొరలు, మసకనీళ్లలో చేప అనుకుని పాదం అందుకుని వదిలేస్తాయి. కుట్లు పడతాయి, కొన్ని వారాల్లో మళ్లీ బోర్డెక్కుతారు. ఈ రెండు రకాల చోట్లనీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె రెంటిలో దేనికీ పనికిరాదు.

లెక్కల మాష్టారు

రీయూనియన్ విషయంలో మీతో పేచీ లేదు. కానీ భయం పెంచే వాదన రెండోవైపు కూడా తప్పుదోవ పట్టిస్తుంది. కాలిఫోర్నియా తీరంలో గ్రేట్ వైట్ దాడుల మీద స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో లెక్క వేశారు. అక్కడ సర్ఫర్లు 1950లో సుమారు 7 వేలు, 2013 నాటికి 8 లక్షల 72 వేలు. దాడుల సంఖ్య పెరిగింది, నిజమే. నీళ్లలో ఉన్న జనంతో భాగిస్తే మాత్రం ఒక్కో మనిషికి ప్రమాదం 91 శాతం తగ్గింది. వార్తల్లో “దాడులు పెరుగుతున్నాయి” అని మాత్రమే వస్తుంది.

సందేహాల రాయుడు

చూశారా, నేను అడిగేదీ అదే! దేనితో భాగించాలన్నదే అసలు గొడవ. స్టాన్‌ఫర్డ్ వాళ్లు సర్ఫర్లను, డైవర్లను, ఈతగాళ్లను వేరువేరుగా లెక్కపెట్టారు కాబట్టే ఆ మాటకు విలువ. “కోటిలో ఒక్కటి” గాళ్లు ఇసకలో కూర్చుని వేరుశనక్కాయలు తినేవాణ్ణి కూడా కలిపి భాగిస్తారు. “కొబ్బరికాయలు పడి ఏటా 150 మంది పోతున్నారు, సొరలకన్నా అవే డేంజర్” అనే మాటకైతే అసలు ఆధారమే లేదు, అయినా ఇరవై ఏళ్లుగా తిరుగుతూనే ఉంది.

గట్టుమీద గోపాలం

నాకు బోర్డు లేదు, ధైర్యమూ లేదు. ఒక డౌట్. వలలు కట్టేస్తే అయిపోతుంది కదా? ఆస్ట్రేలియాలో కడతారట.

ఉప్పునీళ్లు

గోపాలం గారూ, వల అంటే ఒడ్డు పొడవునా గోడలా ఉంటుందని అందరూ అనుకుంటారు. న్యూ సౌత్ వేల్స్‌లో 1937 నుంచి వేస్తున్న వల 150 మీటర్ల పొడవు, 6 మీటర్ల ఎత్తు. నీటి అడుగు దగ్గర ఉంటుంది. పైనుంచి రావచ్చు, పక్కనుంచి రావచ్చు. చిక్కిన సొరల్లో దాదాపు 40 శాతం ఒడ్డు వైపు నుంచి, అంటే తిరిగి వెళ్తూ చిక్కినవే. వాటితోపాటు తాబేళ్లు, డాల్ఫిన్లు, టేకు చేపలు (స్టింగ్‌రేలు). నన్నడిగితే అది జనానికి కట్టిన ధైర్యపు తాయెత్తు.

కెరటం

తాయెత్తు అని కొట్టిపారేయడం తేలికే. డర్బన్ సంగతి చెప్పరేం? దక్షిణాఫ్రికాలోని ఆ ఊళ్లో 1943 నుంచి 1951 లోపు ఏడుగురు పోయారు. 1952లో వలలు వేశాక అక్కడ ఒక్క చావు లేదు. ఏడు కుటుంబాలకు అడిగి చూడండి, తాబేళ్లు ముఖ్యమా మనుషులు ముఖ్యమా అని.

ఉప్పునీళ్లు

డర్బన్‌లో ఫలితం వచ్చింది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఎలా వచ్చింది? వల అడ్డుకుని కాదు, చంపి. ఆ తీరాన తిరిగే పెద్ద సొరల సంఖ్య తగ్గించడమే ఆ పద్ధతి. ఆ బేరం మీకు సమ్మతమైతే అలాగే చెప్పండి, “వల రక్షిస్తుంది” అనొద్దు. ఆ కాలంలో వేరే దారి లేదు. ఇప్పుడు డ్రోన్లున్నాయి. కేప్‌టౌన్‌లో 2004 నుంచి కొండ మీద మనుషుల్ని కూర్చోబెట్టి, సొర కనబడితే సైరన్ మోగించి జనాన్ని బయటికి రప్పిస్తున్నారు.

కెరటం

నీళ్లు తేటగా ఉంటేనే కదా మీ కొండమీదివాడికి కనబడేది. రెసిఫే బురదలో డ్రోన్ ఏం చూస్తుంది?

లెక్కల మాష్టారు

ఈ పాయింట్ కెరటానిదే. డ్రోన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. దక్షిణ కాలిఫోర్నియాలో 26 బీచ్‌ల మీద 2019–2021 మధ్య డ్రోన్లు ఎగరేశారు. పిల్ల గ్రేట్ వైట్‌లు గుమిగూడే రెండు చోట్ల, చూసిన రోజుల్లో 97 శాతం రోజులు సొరలూ మనుషులూ దగ్గర్లోనే ఉన్నారు. బోర్డు కిందనుంచే వెళ్లిపోతుంటాయి. పైనున్నవాడికి తెలియదు, కిందున్నదానికి పట్టదు.

సందేహాల రాయుడు

పిల్లవి కాబట్టి పట్టదు మాష్టారూ. అవి ఆ వయసులో తినేది అడుగున ఉండే టేకు చేపల్లాంటివి. పెరిగి సీల్స్ అనే సముద్ర జంతువుల వేట మొదలుపెట్టాక అదే భరోసా ఇస్తారా? అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఉన్న కేప్ కాడ్ చూడండి. 1972 చట్టంతో సీల్స్‌కు రక్షణ దొరికింది, అవి పెరిగాయి, వాటి వెనక గ్రేట్ వైట్‌లు వచ్చాయి. 2018లో అక్కడ ఒక కుర్రాడు పోయాడు. మసాచుసెట్స్‌లో 1936 తర్వాత అదే మొదటి చావు. ఎనభై ఏళ్ల సగటు చూసినవాడికి ఆ బీచ్ చాలా సేఫ్.

గట్టుమీద గోపాలం

బోర్డు మీద పడుకున్న మనిషి కిందనుంచి సీల్‌లా కనిపిస్తాడట కదా, నిజమేనా?

ఉప్పునీళ్లు

పిల్ల గ్రేట్ వైట్ విషయంలో అవకాశం ఉందని 2021లో మెక్వారీ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. వాటి కళ్లకు రంగులు దాదాపు తెలియవు, వివరాలూ సరిగ్గా కనబడవు. బుల్ షార్క్ దగ్గర ఆ కథ పనిచేయదు. అది వేటాడేదే కళ్లు పనిచేయని నీళ్లలో.

నేను దిగేముందు సగటు చూడను, నీళ్లు చూస్తాను. వాన పడ్డాక నదీముఖం దగ్గర నీళ్లు టీ రంగులో ఉంటే దిగను. పక్షులు ఒకేచోట పదేపదే మునుగుతుంటే, చిన్న చేపలు నీటి పైకి జల్లులా ఎగురుతుంటే కింద ఏదో తరుముతోందని అర్థం, అప్పుడు బయటికొచ్చేస్తాను. సొరను దూరం పెట్టేందుకు బోర్డుకు అమర్చే విద్యుత్ పరికరాలు కొన్ని పనిచేస్తాయి, కానీ అతిగా నమ్మొద్దు. 2018లో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం పరీక్షించిన వాటిలో మెరుగైనది కూడా, ఎరను సొర అందుకోవడాన్ని 96 శాతం నుంచి 40 శాతానికి తగ్గించింది. సున్నాకి కాదు.

కెరటం

జాగ్రత్తలన్నీ సరే. కరిచేసింది, అప్పుడు? చాలామంది పోయేది రక్తం పోయే కదా. లీష్, అంటే బోర్డును కాలికి కట్టే తాడు, తీసి తొడకు బిగించమంటారు.

లెక్కల మాష్టారు

లీష్‌ది రెండో స్థానం. ఆస్ట్రేలియాలో ఒక ఎమర్జెన్సీ డాక్టరు 2021లో పోల్చి చూశారు: కాలికి వెళ్లే రక్తప్రవాహం లీష్ కడితే సుమారు 44 శాతం ఆగింది, గజ్జల్లో పిడికిలితో నొక్కితే దాదాపు 90 శాతం ఆగింది.

గట్టుమీద గోపాలం

పిడికిలి సరిగ్గా ఎక్కడ పెట్టాలండీ? గట్టుమీద ఉండేవాణ్ణి, నాకే ఎక్కువ అవసరం పడేలా ఉంది.

లెక్కల మాష్టారు

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టండి. దెబ్బ తగిలిన కాలి వైపు, తొడ పొట్టను కలిసే మడతలో, తుంటి ఎముకకూ జననాంగానికీ సరిగ్గా మధ్యన పిడికిలి ఆనించండి. మోచెయ్యి వంచకుండా మీ ఒంటి బరువంతా దాని మీద వేయండి. వెట్‌సూట్ (సర్ఫర్లు వేసుకునే బిగుతు రబ్బరు దుస్తులు) విప్పక్కర్లేదు, దాని మీదనుంచే నొక్కొచ్చు. అంబులెన్సు వాళ్లు వచ్చి చేయి పెట్టేదాకా తీయొద్దు, రక్తం ఆగిందో లేదో చూద్దామని కూడా తీయొద్దు.